గడువు తీరిన పేటెంట్లను చదివేదెవరు?

డైపర్‌కు తొడల దగ్గర ఉండే సాగే అంచు మీద కెన్నెత్ బ్యూయెల్ అనే అమెరికన్ ఆవిష్కర్తకు 1975లో పేటెంటు మంజూరైంది. సాగదీసిన ఎలాస్టిక్ పోగులను, యంత్రంపై పరుగెత్తే పొరకు, కావలసిన చోట మాత్రమే ఎడతెగకుండా అతికించే పద్ధతికి 1978లో మరొకటి లభించింది. రెండూ ప్రాక్టర్ అండ్ గాంబుల్ కంపెనీవే. సాగదీసిన పోగు బిగువు వదలగానే పొర కుచ్చిళ్లు పడి ఒంటికి ఒదుగుతుంది, తడి పక్కలకు కారదు. ఒక్క డైపర్‌కు చేత్తో ఇలా చేయడం పెద్ద పని కాదు, యంత్రంపై ఎడతెగకుండా చేయడమే కష్టం కాబట్టి, నా దృష్టిలో అసలు ఘనత ఆ రెండో పేటెంటుదే.

అప్పటి అమెరికా చట్టం ప్రకారం మంజూరైన నాటి నుంచి 17 ఏళ్లే గడువు గనుక, 1995 నాటికి ఆ రెండూ అందరి సొత్తయ్యాయి. పేటెంటంటే తాళం వేసిన పెట్టె అనుకోవడం మన పొరపాటు. మన 1970 చట్టంలోని పదో సెక్షను కూడా ఆవిష్కర్త తనకు తెలిసిన అత్యుత్తమ పద్ధతిని సంపూర్ణంగా రాసి ఇవ్వాలనే అంటుంది.

కోయంబత్తూరు అరుణాచలం మురుగనాథం మహిళలకు చవక శానిటరీ ప్యాడ్ల కోసం మొదట దూదితో ప్రయత్నించి విఫలమయ్యారు. కంపెనీల ప్యాడ్లలో ఉన్నది చెక్కగుజ్జు అని తెలుసుకోవడానికి ఆయనకు రెండేళ్లకు పైగా పట్టింది. ఆ సంగతి అప్పటికే ఎన్నో పేటెంటు పత్రాల్లో బాహాటంగా రాసి ఉంది! ఆయన పట్టుదలకు నమస్కరిస్తూనే అడుగుతున్నాను, ఆ రెండేళ్లు ఎవరి లోపం?

పత్రం చదివినంత మాత్రాన ఫ్యాక్టరీ లేవదని, పెట్టుబడి, నిపుణులు కావాలని, తరువాతి మెరుగుదలల పేటెంట్లు ఇంకా అమలులో ఉన్నాయని అనేవారున్నారు. నిజమే, కానీ అవి పాత పద్ధతిని వాడుకోవడానికి అడ్డు కావు.

ఆదోని మార్కెట్ యార్డుకు వచ్చే పత్తి జిన్నింగ్ మిల్లుల్లో బేళ్లుగా మారి బయటికి వెళ్తుంది. పచ్చి దూదికి సహజంగా ఉండే మైనం వల్ల అది నీటిని పీల్చదు, క్షారంలో ఉడికించి తెల్లబరిస్తేనే పీల్చే దూది అవుతుంది. ఈ మాత్రం రసాయన శాస్త్రం కర్నూలు, అనంతపురం కళాశాలల్లో లేక కాదు. మన దగ్గర పేటెంటంటే శాలువా కప్పే సందర్భమే తప్ప చదవవలసిన పాఠం కాకపోవడమే అసలు జబ్బు. చివరి సంవత్సరం మెకానికల్ విద్యార్థులకు కొనుక్కొచ్చిన ప్రాజెక్టుల బదులు ఆ 1978 పత్రాన్ని ఇచ్చి, అందులోని ఒక్క భాగాన్నయినా స్థానిక లేతు షాపులో చేయించమనాలి. బొమ్మల్లో ప్రతి భాగానికీ అంకె వేసి ఉంది, ఏ అంకె ఏమిటో వివరణలో రాసి ఉంది.