రెజొనెన్స్ ఫుల్ పెట్టమన్న మెసేజ్‌కు నా జవాబు

“కీబోర్డ్ ప్లేయర్లు బయటపెట్టని 5 రహస్యాలు” అనే మెసేజ్ ఈ వారంలో నాకు ఆరుసార్లు వచ్చింది. కడపలో నాతో ప్రోగ్రాములకు వచ్చే ప్యాడ్ ప్లేయర్ పంపాడు. ప్రొద్దుటూరు నుంచి ఒక సౌండ్ ఆపరేటర్ అన్న పంపాడు. చివరికి, నా దగ్గర నేర్చుకునే ఒక పిల్లోడి నాన్న కూడా “ఇది నిజమేనా సార్, మావాడికి చూపించమంటారా?” అని పంపారు. అంతకుముందు వచ్చినవాటికి ఊరుకున్నాను. ఇక ఊరుకోలేను. ఆ అయిదూ కీబోర్డులోని ఫిల్టర్ గురించే, అంటే శబ్దంలో పై పదునును కోసే భాగం గురించి. ఎక్కడి నుంచి కొయ్యాలో చెప్పేది కటాఫ్, ఆ కోత దగ్గర శబ్దాన్ని లేపేది రెజొనెన్స్. ఇందులో ఉన్న ఒక సలహా ఇప్పటికే నా దగ్గర నేర్చుకునే ఇంకో పిల్లోడిని నలుగురిలో తలవంచుకునేలా చేసింది.

ముందు నాలుగోది తేల్చేస్తాను. కటాఫ్ తిప్పితే ప్రీసెట్, అంటే కీబోర్డులో ముందే దాచి ఉంచిన టోన్, శాశ్వతంగా పాడైపోతుందట. వేరే టోన్‌కు వెళ్లి మళ్లీ వెనక్కి రండి, ఎప్పటిలాగే ఉంటుంది. మనం సేవ్ నొక్కితే తప్ప ఏదీ మారదు. దీని మీద ఇంకో మాట దండగ.

మూడోది: “ఫిల్టర్ పాత అనలాగ్ సింథ్‌లకే, ఇప్పటి డిజిటల్ కీబోర్డుల్లో ఉన్నది ఉత్తుత్తిది.” సింథ్ అంటే సింథసైజర్. వాటిని తయారుచేసిన రాబర్ట్ మోగ్‌కు 1969లో పేటెంట్ వచ్చిన ల్యాడర్ ఫిల్టర్, కటాఫ్ దాటిన శబ్దాన్ని ఆక్టేవ్‌కు (స నుంచి పై స వరకు) 24 డెసిబెల్స్ చొప్పున కోస్తుంది. ఆయన ట్రాన్సిస్టర్లతో చేసిన కోతను ఇప్పుడు చిప్ లెక్కలు కట్టి చేస్తోంది. ఒక్క తేడా ఒప్పుకుంటాను. కీబోర్డులు వాడే మిడి అనే సంకేత పద్ధతిలో కంట్రోల్ విలువలు 0 నుంచి 127 వరకే కాబట్టి, కొన్ని పాత కీబోర్డుల్లో నాబ్ మెల్లగా తిప్పితే శబ్దం మెట్లు దిగుతున్నట్టు వినిపిస్తుంది. అంతమాత్రానికే ఉత్తుత్తిది అనేస్తారా?

మొదటి పాయింట్‌ను చాలామంది నమ్ముతారు. “కటాఫ్ అంటే ట్రెబులే, మిక్సర్‌లో చూసుకోవచ్చు” అని. మిక్సర్‌లో ట్రెబుల్ ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. సింథ్‌లో ఫిల్టర్ ప్రతి నోటుకూ విడిగా తెరుచుకుని మూసుకుంటుంది, నోటు మొదలు నుంచి చివరిదాకా మార్పును నడిపే ఎన్వలప్ దాన్ని కదిలిస్తుంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని “ఆ” అంటూ, ఆ చెయ్యిని మెల్లగా తీసి చూడండి. బ్రాస్ టోన్‌లో జరిగేది అదే. ట్రంపెట్ గట్టిగా ఊదేకొద్దీ పై హార్మోనిక్స్ (స్వరంతో పాటు మోగే పై శబ్దాలు) కూడా పెరుగుతాయని 1960ల్లోనే అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పరిశోధకుడు జాన్-క్లోడ్ రిసే తేల్చారు. అందుకే ఫిల్టర్ ఎన్వలప్‌లో అటాక్ (తెరుచుకోవడానికి పట్టే సమయం) కాస్త పెంచితే ఊపిరి పోసినట్టు వస్తుంది, సున్నా పెడితే చరిచినట్టు వస్తుంది. మిక్సర్ దగ్గర కూర్చున్న అన్న ప్రతి నోటుకూ ట్రెబుల్ తెరిచి మూయగలడా?

ఇక రెండోది. “రెజొనెన్స్ ఫుల్ పెట్టండి, సౌండ్ జనంలోకి దూసుకెళ్తుంది.” నా కోపమంతా దీని మీదే.

మొన్న ప్రొద్దుటూరు దగ్గర ఒక రిసెప్షన్‌లో, నేను భోంచేసి వచ్చేదాకా కీబోర్డ్ మొదట్లో చెప్పిన ఆ తలవంచుకున్న పిల్లోడికి అప్పగించాను. వాడు ఈ మెసేజ్ చదివి వచ్చాడని నాకు తెలియదు. పాట వరస వాయించే లీడ్ టోన్ మీద రెజొనెన్స్ 127కు తెచ్చి, కటాఫ్ పైకి తోశాడు. విస్తరి ముందున్న నాకు ఈల వినబడింది. సౌండ్ ఆపరేటర్ అది మైక్ ఫీడ్‌బ్యాక్ అనుకుని, పాడుతున్న అమ్మాయి మైక్ తగ్గించాడు. తర్వాత కోరస్ మైకులు తగ్గించాడు. పాట పోయింది గానీ ఈల పోలేదు. నేను ఎంగిలి చేత్తోనే పరుగెత్తేసరికి ముందు వరసలో ఒక అవ్వ ఒళ్లోని చంటిబిడ్డ చెవులను కొంగుతో మూస్తోంది. ఆ రాత్రే ఎడమవైపు స్పీకర్‌లో పై శబ్దాలు పలికే హార్న్ యూనిట్ కాలిపోయింది. అది ముందే అరిగి ఉండొచ్చు, కానీ దాని డబ్బు మా పేమెంట్‌లో కోశారు. పిల్లోడు వారం రోజులు క్లాసుకు రాలేదు. వచ్చాక నాబ్ ముట్టుకోవడానికి భయపడ్డాడు. వాడి చెయ్యి పట్టుకుని నేనే నాబ్ మీద పెట్టాను.

ఇది రాసినాయన ఎప్పుడైనా స్పీకర్ ముందు నిలబడి రెజొనెన్స్ తిప్పాడా? రెజొనెన్స్ మొత్తం శబ్దాన్ని పెంచదు. కటాఫ్ ఉన్న చోట మాత్రం సన్నగా, నిటారుగా లేపుతుంది. చాలా ఫిల్టర్లు ఫుల్‌కు దగ్గరయ్యేసరికి తమంతట తామే మోగుతాయి. కటాఫ్ 3,000 హెర్ట్జ్ దగ్గర ఉంటే, మన చెవి బాగా పట్టుకునే చోట ఆ మోత వస్తుంది. హార్న్ యూనిట్‌లోని సన్నని కాయిల్ ఆగకుండా పడే ఆ ఈలకు వేడెక్కిపోతుంది. పైగా మోగ్ తరహా ఫిల్టర్‌లో రెజొనెన్స్ పెరిగేకొద్దీ బేస్ తగ్గుతుంది. దూసుకెళ్లడం దేవుడెరుగు, టోనే పలచబడుతుంది.

నోట్లు సమంగా కూడా పలకవు. కటాఫ్ 1,760 హెర్ట్జ్ దగ్గర ఉందనుకోండి. 440 హెర్ట్జ్ ‘ఏ’ వాయిస్తే దాని నాలుగో హార్మోనిక్ సరిగ్గా అక్కడే తగిలి అరుస్తుంది. పక్కనున్న ‘బీ’ హార్మోనిక్స్ సుమారు 1,482 దగ్గర, 1,976 దగ్గర పడతాయి, కాబట్టి అది అణిగిపోతుంది. ఒకే బలంతో వాయించినా ఒక స్వరం కేక, ఇంకోటి గొణుగుడు.

లీడ్ జనానికి వినబడాలంటే వెనక మోగే స్ట్రింగ్స్ టోన్‌లో కటాఫ్ తగ్గించండి, లీడ్‌కు చోటు దొరుకుతుంది. లీడ్‌లో రెజొనెన్స్ 20, 30 దగ్గర ఉంచి, ఎడమచేత్తో కటాఫ్‌ను పాటతో పాటు తెరవండి. కీ ఫాలో (పై స్వరాలతో పాటు కటాఫ్‌ను పైకి జరిపేది) ఉంటే పెంచండి, పై స్వరాలు మూసుకుపోవు.

చివరిది: “పెద్ద ప్లేయర్లు ఫిల్టర్ ముట్టుకోరు.” బొంబాయిలో సంగీతకారుడు చరణ్‌జీత్ సింగ్ 1982లోనే రోలాండ్ టీబీ-303 అనే బేస్ సింథ్ పెట్టుకుని రాగాలు వాయించి రికార్డు తెచ్చారు. ఆ యంత్రానికి ప్రాణమే ఫిల్టర్. అయితే ఇక్కడ నేనూ ఒక మాట ఒప్పుకోవాలి. 1983లో వచ్చిన యమహా డీఎక్స్7లో అసలు ఫిల్టరే లేదు. 1988 నాటి కోర్గ్ ఎం1లో కటాఫ్ ఉంది, రెజొనెన్స్ లేదు. వాటితో ఎంత సంగీతం వచ్చిందో మనందరికీ తెలుసు. భజనల్లో ఆర్గన్ టోన్ వాయించేటప్పుడు నేనూ ఫిల్టర్ జోలికి పోను. “ఫిల్టర్ రాకపోతే ప్లేయరే కాదు” అని క్లాసులో పిల్లలతో చాలాసార్లు అన్నాను. అది తప్పు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మెసేజ్ ఇంకా పంపాలనుకునేవాళ్లు రెండో పాయింట్ కొట్టేసి పంపండి. మిగతా నాలుగూ ఉంచుకున్నా ఎవరి చెవులకూ నష్టం లేదు.