షుగర్ లోఫ్ కొండ మీది కాంక్రీటు సర్వే స్తంభం గారికి

అయ్యా స్తంభం గారూ,

పోయిన శనివారం మధ్యాహ్నం ఒంటిగంట దాటాక మీ నెత్తి మీద రెండు చేతులూ ఆనించి, మాట రాక, కాసేపు అలాగే వేలాడిన బట్టతల మనిషిని నేనే. అప్పుడు అనాల్సినవి ఆయాసంలో అనలేకపోయాను, అందుకే ఈ ఉత్తరం.

మాది అనకాపల్లి. మండల సర్వేయరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు బ్రిటన్‌లోని వేల్స్‌లో, కార్డిఫ్‌లో అమ్మాయి దగ్గర ఉన్నాను. వచ్చిన వారానికే గ్లూకోమీటరు 212 చూపించింది. దాంతో మా అల్లుడు "మావయ్య గారూ, మీరు నడవాలి. శనివారం ఆబర్‌గవెనీ వెళ్దాం, సర్క్యులర్ వాక్, ఊళ్లో మొదలుపెట్టి మళ్లీ ఊళ్లోనే తేలతాం" అన్నాడు. షుగరున్న మనిషిని తీసుకెళ్లి షుగర్ లోఫ్ ఎక్కించడం వాడికే తట్టాలి. పూర్వం ఇక్కడ పంచదారని శంకువుల్లా దిమ్మలు పోసి అమ్మేవారట, కొండ అలా ఉందని ఆ పేరు. బెల్లం దిమ్మల మధ్య పెరిగినవాణ్ని కదా, పేరు వినగానే సొంతూరు వెళ్తున్నట్టు పొంగిపోయాను. రైలు దిగి ఆ కొండని చూసేదాకా.

ఊరు మాత్రం చాలా పాతది. రోమన్లు దండు దింపిన చోటు, తర్వాత నార్మన్లు కోట కట్టుకున్నారు. 1175లో ఆ కోటలో క్రిస్మస్ విందుకని వెల్ష్ పెద్దల్ని పిలిచి, విందులోనే నరికేశారు. కోట గోడ దగ్గర అల్లుడు ఈ కథ చెబుతుంటే, పొద్దున్న వాడే దగ్గరుండి కొసరి కొసరి వడ్డించిన మూడు పెసరట్లు గుర్తొచ్చి గుండె కొంచెం వేగంగా కొట్టుకుంది.

సర్క్యులర్ అన్న మాట మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. మా సింహాచలంలో ఆషాఢ పౌర్ణమికి గిరి ప్రదక్షిణ చేస్తాం, 32 కిలోమీటర్లు, కొండ చుట్టూ, కింద నుంచే. దారి పొడుగునా మజ్జిగ ఇస్తారు, పులిహోర పెడతారు. నడిచేవాడు మధ్యలో శిఖరం దాకా ఎక్కి దిగి రావాలని అప్పన్న స్వామి ఏనాడూ షరతు పెట్టలేదు. మీ దగ్గర డెరి అనే గట్టు మీదుగా ఎక్కాలి, రోల్‌బెన్ అనే గట్టు మీదుగా దిగాలి, ఇంత చేసి చివరికి చేరేది పొద్దున్న రైలు దిగిన స్టేషనుకే. ఊరు చూస్తే అస్క్ నది ఒడ్డున పల్లంలో ఉంది కాబట్టి కొండ ఎత్తు దాదాపు మొత్తం మన కాళ్ల ఖాతాలోనే పడుతుంది. ఓక్ చెట్ల అడవి దాటాక నడుం దాకా బ్రాకెన్ పొదలు, వాటి మధ్య గొర్రెలు. "అదిగో మావయ్య గారూ, పైకొచ్చేశాం" అని అల్లుడు నాలుగుసార్లు అన్నాడు. నాలుగుసార్లూ ఆ పైన ఇంకో పైన ఉంది. ఒక గొర్రె నమలడం ఆపి మరీ నన్ను చూసింది.

ఇన్ని తిప్పలు పడి మీ దగ్గరికొస్తే, అప్పటికే అక్కడ ఒక కుటుంబం దుప్పటి పరుచుకుని శాండ్‌విచ్‌లు తింటోంది. పెద్దాయన కాళ్లకి చెప్పులు! ఆరా తీస్తే కొండ నడుం దాకా కార్లు వస్తాయట, పార్కింగ్ ఉందట. అల్లుడి వైపు చూశాను. వాడు మేఘాల వైపు చూశాడు.

సరే, మన వృత్తి సంగతికొద్దాం. మీ వంశం 1936లో మొదలైంది. బ్రిటన్ అంతా కొత్తగా కొలవాలని కొండ కొండకీ ఒకర్ని చొప్పున సుమారు 6,500 మందిని నిలబెట్టారు. మీ నెత్తి మీద కోణాలు కొలిచే థియొడొలైట్ కాళ్లు కూర్చోడానికి మూడు గాడులు పెట్టారు చూశారా, ఆయాసం తగ్గాక వేలు పెట్టి తడిమాను. ఎండలో ట్రైపాడ్ కాళ్లు సర్దుకుంటూ నిలబడ్డ రోజులన్నీ తిరిగొచ్చాయి. అక్కడ మటుకు మీ మీద కోపం రాలేదు. జీపీఎస్ వచ్చి మీ ఉద్యోగం పోయింది, మావాళ్లు డ్రోన్లు ఎగరేస్తున్నారు. తేడా ఏమిటంటే, నాకు పింఛను వస్తోంది, మీకు సెల్ఫీలు వస్తున్నాయి.

ఒక్కటి ఒప్పుకోవాలి, మీరు పెట్టిన చోట ఉన్నారు. మా దగ్గర సరిహద్దు రాళ్లకి నడక వచ్చు. పొద్దున గట్టు మీద ఉన్న రాయి తెల్లారేసరికి పక్కవాడి చేలోకి రెండు గజాలు జరిగి ఉండేది. మూడు ఊళ్ల పొలిమేర కలిసే చోట ట్రైజంక్షన్ రాయి కోసం వెతికి వెతికి, చివరికి ఒకాయన పెరట్లో బట్టలుతుక్కునే బండగా చూశాను. ఆమధ్య సర్వే రాళ్ల మీద అప్పటి ముఖ్యమంత్రి బొమ్మ ఉండాలా వద్దా అని కూడా గొడవైంది. మీకా బాధ లేదు.

నా అసలు ఫిర్యాదు మీ ఎత్తు గురించి. 596 మీటర్లా? ఈ దేశంలో 600 ఉంటే పర్వతమని ఒక లెక్క, 2,000 అడుగులుంటేనే పర్వతమని ఇంకో లెక్క. మీరు రెంటికీ అందలేదు. అంటే నేను అంత చచ్చీచెడీ ఎక్కింది కాగితం మీద గుట్ట అన్నమాట. మీరు కూడా నాలుగడుగుల పైచిలుకున్నారు కదా, కలిపి రాయించుకున్నా 600 కాదు. నాలుగు మీటర్లండీ! మా మండలంలో నాలుగు మీటర్లు సర్దడం ఎంతసేపు, రెండు టీలు. నేను సర్దానని కాదు.

మీకు తెలియకపోవచ్చు, సర్దుబాటు మీ వృత్తిలోనూ ఉంది. ఎవరెస్టు ఎత్తు లెక్క కడితే సరిగ్గా 29,000 అడుగులు తేలిందనీ, గుండు సున్నాలు చూస్తే ఉజ్జాయింపు అనుకుంటారని ఇంకో రెండడుగులు కలిపి 29,002 అని ప్రకటించారనీ ఒక కథ ఉంది. ఆ శిఖరానికి పేరిచ్చిన జార్జ్ ఎవరెస్టు దొర మీకు దగ్గరివాడే. ఇక్కడికి పక్కనున్న క్రిక్‌హోవెల్‌లో పుట్టాడని కొందరు, కాదు గ్రీనిచ్‌లో అని కొందరు. మా దేశాన్ని కొలిచిన మనిషి పుట్టిన చోటుకే హద్దు తగాదా! ఆయన 1819లో మా కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో కొలతలు తీస్తూ జ్వరాన పడి, కోలుకోడానికి ఆఫ్రికా కొస దాకా వెళ్లాల్సి వచ్చింది. మా నేల ఆయన్ని పెట్టిన బాధకి మీ కొండ శనివారం నా మీద బదులు తీర్చుకుందనుకుని సరిపెట్టుకున్నాను.

దిగేటప్పుడు మోకాళ్లు పడ్డ పాట్లు రాయను. ఊళ్లోకొచ్చాక అల్లుడు టీ ఇప్పించి, వెల్ష్ కేక్ కొనిచ్చాడు, మీద పంచదార చల్లి ఉంది. "నడిచారుగా, ఒకటికి ఏమీ కాదు" అన్నాడు. రెండు తిన్నాను. మర్నాడు పొద్దున్న గ్లూకోమీటరు 196. అమ్మాయి చప్పట్లు కొట్టింది, అల్లుడు వెంటనే మ్యాపు తీశాడు.

వచ్చే శనివారం స్కిరిడ్ అట, 486 మీటర్లు. దాని కొస మీద కూడా మీ వాడొకడు నిలబడి ఉన్నాడట. మీకు ఎదురుగా కనబడుతూనే ఉంటాడు కదా, కాస్త కబురు పెట్టండి. కింద చుట్టూ తిరిగి అక్కణ్నుంచే దండం పెట్టుకుంటాను, నా కోసం ఎదురు చూడొద్దని చెప్పండి.

ఇట్లు,
అనకాపల్లి మాజీ సర్వేయరు