సన్నాహక సమావేశం గారికి హన్మకొండ నుంచి ఉత్తరం

మహారాజశ్రీ సన్నాహక సమావేశం గారికి,

హన్మకొండ నుంచి మీ అభిమాని నమస్కరించి రాయునది. పొరుగు దేశాలు కలిసి కర్బన చక్రం మీద, అంటే గాలికీ నేలకూ చెట్లకూ నీళ్లకూ మధ్య కర్బనం తిరిగే తీరు మీద, పరిశోధన చేయాలి. దానికి ముందు ప్రణాళిక వేయాలి. ప్రణాళికకు ముందు మీరు జరగాలి. ఈ మెట్లలో మొదటిది మీరే, ఇప్పటిదాకా చివరిదీ మీరే.

మీరు వద్దని అనను. మావి కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి దుంకితేనే కింది చెరువుకు నీళ్లు. పైన ఎంత వదిలారో చెప్పకపోతే కిందివాడు రాసేది సగం లెక్కే. గాలి లెక్కా అంతే. చలికాలంలో ఈశాన్యం నుంచి వచ్చే గాలికి వీసా అడిగేవాడు లేడు. అందులోని కర్బనంలో ఎంత నేపాల్ ఇటుక బట్టీలది, ఎంత బంగ్లాదేశ్ వరి మడులది, ఎంత మనది? ఒక్క దేశం కూర్చుని తేల్చలేదు. సుందర్బన్ మడ అడవులు సుమారు 10,000 చదరపు కిలోమీటర్లు, అందులో ఎక్కువ భాగం బంగ్లాదేశ్‌లో ఉంది. మనవైపు చెట్లు మాత్రమే కొలిచి, అడవి మొత్తం ఎంత కర్బనం దాచిందో ఎట్లా చెప్తారు?

ఇవన్నీ మీ ప్రారంభోపన్యాసంలో వస్తాయి, బాగా వస్తాయి. తర్వాత శాలువాలు, కాకతీయ తోరణం మెమెంటోలు. మధ్యాహ్నం క్షేత్ర పర్యటన, అంటే రామప్ప. దారి పొడుగునా యాసంగి వరి. నీళ్లు నిలిచిన మడిలో మట్టికి గాలి ఆడదు, అక్కడి సూక్ష్మజీవులు మీథేన్ అనే కర్బన వాయువు తయారుచేస్తాయి. పర్యటనకు అంతకంటే మంచి క్షేత్రం ఏముంటుంది? పోయినసారి బస్సు మాత్రం గుడి దగ్గరే ఆగింది. నీళ్లలో తేలే ఇటుకల మీద మంచి చర్చే జరిగిందట.

బొగ్గు లెక్క సులువండీ. భూపాలపల్లి గనిలో ఎంత తవ్వారో, చెల్పూరు కరెంటు ప్లాంటులో ఎంత కాల్చారో రిజిస్టర్లో ఉంటుంది. ఏటూరునాగారం అడవి రిజిస్టర్ రాయదు. ఎండాకాలం ఆకు రాల్చి, వానలకు చిగురించి, ఎంత కర్బనం పీల్చిందో ఎంత వదిలిందో తెలియాలంటే టవర్ కట్టి, సెకనుకు పదిసార్లు కొలుస్తూ, ఏళ్ల తరబడి కూర్చోవాలి.

ఆ కొలిచే యంత్రాల ముచ్చట మీ అజెండాలో ఎక్కడుందో వెతికాను. 'ఇతర అంశాలు' కింద, ఆఖరి టీ తర్వాత దొరికింది. ఢాకా యంత్రమూ మన యంత్రమూ ఒకే గాలికి ఒకే అంకె చెప్పాలి. చాలాసార్లు రెండు చోట్ల గాలికి తేడా పది లక్షల్లో కొద్ది పాళ్లే. యంత్రాలే అంత తేడా చూపిస్తే, తప్పు దేశానిదా డబ్బాదా? అందుకే ప్రపంచ వాతావరణ సంస్థ కొలమానానికి సరితూగే ప్రామాణిక వాయువు సిలిండర్లు, అంటే ఏ వాయువు ఎంతుందో ముందే తేల్చి నింపినవి, రెండు వైపులా ఉండాలి. కస్టమ్స్‌లో సిలిండర్ ఆగితే విడిపించే సంతకం ఎవరిది? అది తేల్చని తీర్మానం ఎంత నున్నటి కాగితం మీద అచ్చయితే ఏం లాభం?

కీలింగ్ అనే శాస్త్రవేత్త పెద్దమనిషి 1958లో హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండ మీద గాలిలో కార్బన్ డయాక్సైడ్ కొలత మొదలుపెట్టాడు. అప్పుడు పది లక్షల్లో 315 పాళ్ల దగ్గరున్నది ఇప్పుడు 420 దాటింది. 1964లో నిధులు కోసేస్తే కొన్ని నెలలు కొలత ఆగింది, ఆ ఖాళీ ఇప్పటికీ పట్టికలో ఖాళీయే. మన గోవాలో కేప్ రామా దగ్గర 1993లో మొదలైన గాలి నమూనాల సేకరణకూ మధ్యలో కొన్నేళ్ల గండి పడింది. మీరు మాత్రం ఆగరు. నిధులున్నా లేకున్నా జరిగేది మీరొక్కరే.

రాజకీయాలు అడ్డమంటారు. నిజమే, 2014 కాఠ్మాండూ తర్వాత దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ శిఖరాగ్ర సమావేశమే జరగలేదు. కానీ దేశాధినేతలు కరచాలనం చేసేదాకా సిలిండర్ ఆగాలా? రెండు ప్రయోగశాలలు ఒకే గాలిని సీసాల్లో పట్టి, పంచుకుని, అంకెలు సరిచూసుకుంటే చాలు కదా. ఆ పనికి శాలువా అక్కర్లేదు. బహుశా చిక్కంతా అక్కడే ఉందేమో.

ఇట్లు,
మీ ఆహ్వానం అందని హన్మకొండవాసి

తా.క.: తదుపరి సమావేశం తేదీ తేల్చడానికి ఉపసంఘం వేశారని విన్నాను. అదెప్పుడు కూర్చుంటుందో త్వరగా చెప్పండి, ముందంతా పెళ్లి ముహూర్తాలే, ఫంక్షన్ హాల్ దొరకదు.