జాతర లేని ఏడాది పలకరించేదెవరు?

ఒడిశాలోని బరంపురంలో రెండేళ్లకోసారి బూఢీ ఠాకురాణి అమ్మవారు పుట్టింటికి వస్తుంది. దేశిబెహరా వీధిలో తాత్కాలికంగా గుడి వెలుస్తుంది. దాదాపు నెలపాటు రాత్రిళ్లు ఆడవాళ్లు ఘటాలెత్తుకుని వీధులు తిరుగుతారు. ఈ జాతరకు పెద్దదిక్కు డేరా నేతకారులు, అంటే తరాల కిందట ఇక్కడికొచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లు. ఆ నెలలో ఏ ముసలమ్మనీ ఇంట్లో ఊరికే కూర్చోనివ్వరు. పద్ధతి తెలిసింది ఆవిడకే కదా, అందరూ అడగడానికి వస్తారు.

మరి జాతర లేని ఏడాది?

ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని, దానివల్ల ఏటా సుమారు 8.71 లక్షల మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో అంచనా కట్టింది. 2010లో 148 అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధకులకు, బంధాలు గట్టిగా ఉన్నవాళ్లు బతికుండే అవకాశం 50 శాతం ఎక్కువని తేలింది. ఒంటరితనం గుండెజబ్బు, పక్షవాతం ముప్పునూ పెంచుతుంది. దీన్ని మనసుకు సంబంధించిన చిన్న విషయమని వదిలేయలేం.

పిల్లలు విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉంటారు. ఫోన్ రోజూ మోగుతుంది, అయినా వెలితి తీరదు. ఎంతమంది ఉన్నా, కోరుకున్న తోడు దొరకకపోతే అదీ ఒంటరితనమే. సరిహద్దులో దీనికి భాష కూడా తోడవుతుంది. 1936లో ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు బరంపురం ఉన్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అటు వెళ్లింది, మనుషులు ఉన్నచోటే ఉన్నారు. నొప్పి ఎక్కడుందో డాక్టరుకు ఒడియాలో చెప్పగల పెద్దావిడకి కూడా, "ఏం తోచట్లేదే" అనడానికి తెలుగు వినే మనిషి కావాలి.

పెద్దవాళ్లకు సాయం చేయాలని అందరం అంటాం. వాళ్లను సాయం అడగడం మాత్రం మానేశాం, నాకు బాధ కలిగించేది అదే. జాతరలో ఆవిడకు ప్రాణం లేచొచ్చేది ఎవరో పరామర్శించినందుకు కాదు, తనతో పని పడినందుకు. ఒడియా బడికి వెళ్లే పక్కింటి పిల్లాడు తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. వాడికి సాయంత్రాలు అక్షరాలు దిద్దించమని ఆవిణ్ణి అడగొచ్చు. మందుచీటీలో ఏముందో ఆవిడకు వాడు చదివి చెబుతాడు. దీనికి పథకం అక్కర్లేదు, అరుగు మీద చాప వేస్తే చాలు. వాడు రాని రోజున "ఏరా, నిన్న రాలేదే" అని ఆవిడే గుమ్మం దిగి వెళుతుంది.