డాక్టరుకు తప్పు, సంఘానికి ఒప్పు

ఒక డాక్టరు మందుల కంపెనీ ఖర్చుతో విమానం ఎక్కితే తప్పు. ఆయన సభ్యుడిగా ఉన్న సంఘం అదే కంపెనీ డబ్బుతో మహాసభ జరుపుకుంటే? భారత వైద్య మండలి 2009లో రెంటినీ ఒకే గాటన కట్టింది. కానుకలు, ప్రయాణాలు, నగదు కూడవన్న నిబంధనలో డాక్టర్లతో పాటు వారి వృత్తి సంఘాలనూ చేర్చింది. 2016 ఫిబ్రవరిలో సంఘాల ప్రస్తావనను కొట్టేసింది. 2023 ఆగస్టులో, ఆ మండలి స్థానంలో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ కంపెనీలు స్పాన్సర్ చేసే సదస్సులకు డాక్టర్లు వెళ్లరాదంది. మూడు వారాలకే ఆ నిబంధనలను పక్కన పెట్టింది.

నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఆదివారం ఫంక్షన్ హాల్లో జరిగే సీఎంఈకి, అంటే డాక్టర్లు కొత్త సంగతులు నేర్చుకునే సదస్సుకు, వెళ్లి చూడండి. ఫ్లెక్సీ మీద పైన సంఘం పేరు, కింద వరుసగా కంపెనీలు. టీ దగ్గరికి వెళ్లాలన్నా స్టాళ్లు దాటాలి. మెడికల్ రెప్ నమస్కారం పెట్టి కరపత్రం అందిస్తాడు. చేతికిచ్చే సంచి మీదా బ్రాండు పేరే. సంచి చూసి డాక్టరు అమ్ముడుపోయాడనడం అన్యాయం. నా పేచీ అది కాదు. ఆ పూట ఏ జబ్బు గురించి మాట్లాడాలో ఎవరు నిర్ణయిస్తున్నారన్నదే.

మధుమేహానికి కొత్త మాత్ర వస్తే వక్త దొరుకుతాడు, హాలు అద్దె కూడా దొరుకుతుంది. మరి నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్‌కు? నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు తరాల నడుములు వంచిన జబ్బు అది. కృష్ణా నీళ్లు వచ్చాక పరిస్థితి మెరుగుపడింది గానీ, అప్పటికే వంగిన నడుములను నిలబెట్టే మాత్ర లేదు. రాకుండా చూసుకోవడానికి కావలసింది మంచినీళ్లు. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసేయడానికి నాగపూర్‌లోని ‘నీరి’ పరిశోధన సంస్థ రూపొందించిన ‘నల్గొండ టెక్నిక్’ సరంజామా పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్. పటిక అమ్ముకోవడానికి స్టాలు పెట్టే కంపెనీ ఎక్కడైనా ఉందా?

డాక్టరుగా రిజిస్ట్రేషన్ నిలవాలంటే ఇలాంటి సదస్సులకు హాజరైతే వచ్చే క్రెడిట్ గంటలు కావాలి, స్పాన్సర్లు లేకపోతే సదస్సులు నడవవు అని సంఘాలు అంటాయి. పూర్తిగా కొట్టిపారేయలేం. అయితే డబ్బాపాల కంపెనీలు డాక్టర్ల సంఘాల సదస్సులకు పైసా ఇవ్వకూడదని 1992 నాటి చట్టానికి 2003లో చేసిన సవరణ చెబుతోంది. పిల్లల డాక్టర్ల సదస్సులేమీ ఆగిపోలేదు. అంతెందుకు, 2008లో డాక్టర్ల జాతీయ సంఘం ఐఎంఏ (భారత వైద్య సంఘం) పెప్సికో పళ్లరసానికీ ఓట్స్‌కూ తన పేరు వాడుకోనిచ్చింది. వైద్య మండలి 2010లో దాన్ని తప్పుపట్టింది. సంఘానికీ నీతి నియమాలుంటాయని ఒప్పుకున్న మండలే ఆరేళ్లకు వెనక్కి తగ్గడం విడ్డూరం.

మహబూబ్‌నగర్, నల్గొండ, సూర్యాపేటల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఆదివారాలు అక్కడే చర్చలు పెట్టుకోవచ్చు, సభ్యత్వ రుసుము కాస్త పెంచుకోవచ్చు. ఏ కంపెనీ ఎంత ఇచ్చిందో లెక్క చూపని సదస్సుకు క్రెడిట్ గంటలు ఇవ్వబోమని తెలంగాణ వైద్య మండలి ఒక్క ఉత్తర్వు జారీ చేస్తే చాలు. మిగతాది సంఘాల కోశాధికారులే చూసుకుంటారు.