524287 గారికి, నెల్లూరు నుంచి

అయ్యా,

మొదటి మూడంకెలు చూసి మావాడివే అనుకున్నా. 524 అంటే నెల్లూరు పిన్ కోడే గదా! మా 524001 ఎంత కలుపుగోలుదో తెలుసా? మూడో ఎక్కంలో పోతుంది, పంతొమ్మిదో ఎక్కంలో పోతుంది, 29తోనూ 317తోనూ పోతుంది. నువ్వూ అదే బాపతనుకున్నా. ఇంటర్ చదివే మా పాప "ఇది దేంతోనూ పోదు నాయనా" అంటే, "ఆరంకెల లెక్క యాడో ఒకచోట తెగకుండా ఉంటదా" అని అరకిలో మలైకాజా పందెం కట్టా.

బియ్యం అంగట్లో ముప్పై ఏళ్లుగా నోటిలెక్కలు చేస్తున్నవాణ్ణి. రాత్రి అంగడి కట్టేసి, బిల్లుపుస్తకం వెనక మొదలుపెట్టా. 3తో కొడితే ఒకటి మిగిలింది. 7తో ఒకటి. 9తో, 19తో, ఆఖరికి 73తో కూడా అదే ఒకటి, చేటలో ఎంత చెరిగినా పోని రాయిలాగా. నీ కింద వాటాలో ఉండే 524286 వీటన్నిటితోనూ సుబ్బరంగా పోతుంది. పై వాటాలో 524288 అయితే సగం చేసుకుంటూ పోతే పంతొమ్మిదోసారికి ఒకటై కూర్చుంటుంది. మధ్యలో నీకేం రోగమయ్యా? మా అన్నదమ్ముల పంపకాల్లో కూడా ఇంత మొండి సెంటు మిగల్లేదు.

పైగా నీది బియ్యం లెక్కే. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండోదాంట్లో రెండు, మూడోదాంట్లో నాలుగు, ఇట్లా పంతొమ్మిది గడులు నింపి కూడితే నువ్వు. వెయ్యి గింజలు ఇరవై గ్రాములేసుకుంటే పదిన్నర కిలోలు. ఆ మాత్రం మొలగొలుకులు నేను బోణీకే తూకమేస్తా. దీనికా ఇంత బిగువు?

నీ వర్గమూలం 724 పైచిలుకు. అంతలోపు ప్రధాన సంఖ్యలు 128. ఎనభై ఒకటోది 419, అక్కడికొచ్చేసరికి కోడి కూసింది. పాప లేచొచ్చి చూసి, "అన్నీ ఎందుకు నాయనా, దీన్ని తెగ్గొట్టేది ఉంటే గింటే 38తో భాగిస్తే ఒకటి మిగిలేదే అయ్యుండాలి. అట్లాంటివి ఆరే: 191, 229, 419, 457, 571, 647" అనింది. సాయంత్రమే చెప్పుంటే ఏం పోయిందో! ఆ కిటుకు ఫెర్మా అనే ఫ్రెంచి లెక్కల పండితుడిదట. 1588లో నిన్ను ప్రధాన సంఖ్యవని తేల్చిన ఇటలీ ఆయన కటాల్డికి ఆ సాయం లేదు, ఫెర్మా ఆయన తర్వాతివాడు. పాపం, నా జాతివాడే.

మిగతా మూడూ చూశా. 647తో 217 మిగిలింది, 571తో 109. 457తో సరిగ్గా 108. అంబులెన్సుకు ఫోన్ చేసుకోమనా?

1772లో ఆయిలర్ అనే లెక్కల పండితుడు 2147483647ను పట్టుకొచ్చేదాకా, తెలిసిన ప్రధాన సంఖ్యల్లో నువ్వే పెద్దవంట. 184 ఏళ్ల పెత్తనం! 262144తో గుణిస్తే మాత్రం 137438691328 అయిపోతావు. తనను తాను వదిలేసి మిగతా భాజకాలన్నీ కూడితే మళ్లీ తానే వచ్చే పరిపూర్ణ సంఖ్య. అంటే నీకు పొత్తు చేతగాక కాదు, మాతోనే కుదర్లేదు.

ఇట్లు,
అరకిలో మలైకాజా బాకీపడ్డ బియ్యం వ్యాపారి,
నెల్లూరు – 524001 (మూడో ఎక్కంలో పోయేది)