బిడ్డ బరువు రాసుకున్నారు సరే, తల్లి సంగతేంటి?

ఆసుపత్రిలో కాన్పయి ఇంటికొచ్చిన బాలింత దగ్గరికి ఆశా కార్యకర్త 42 రోజుల్లో 6 సార్లు రావాలి. బిడ్డను తూస్తారు, ఒళ్లు వెచ్చగా ఉందేమో చూస్తారు, బొడ్డు చూస్తారు. తల్లిని కూడా జ్వరం ఉందా, రక్తస్రావం ఎక్కువగా ఉందా అని అడుగుతారు. మంచి పనే, కాదన్నవాళ్లెవరు? నా గొడవల్లా ఒకటే. ఇన్నిసార్లు గుమ్మం దాకా వచ్చే మనిషి చేత "రాత్రి నిద్ర పడుతోందా అమ్మా? ఊరికే ఏడుపొస్తోందా?" అని కూడా అడిగించవచ్చు కదా. మా వైపు నేను చూసినంతలో ఆ మాట ఎవరూ అడగరు.

కాన్పయిన మూడో రోజో నాలుగో రోజో కారణం లేకుండా ఏడుపు రావడం చాలామందికి ఉండేదే. రెండు వారాల్లో సర్దుకుంటుంది. సర్దుకోకుండా రోజంతా దిగులు, బిడ్డ పడుకున్నా తనకు నిద్ర పట్టకపోవడం, బిడ్డను ఎత్తుకోబుద్ధి కాకపోవడం ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో బాలింతల్లో 13 శాతం మందికి ఇలాంటి మానసిక ఇబ్బంది వస్తుంది, వర్ధమాన దేశాల్లో అది 20 శాతానికి దగ్గర. మన ఊళ్లలో దానికి గాలి సోకిందంటారు, దిష్టంటారు, తాయెత్తు కడతారు. ఏదీ కాకపోతే పెద్దావిడ మాట ఉండనే ఉంది: "మేం కనలేదేంటే?"

కన్నారండీ. కానీ అప్పుడు ఇంట్లో తోడికోడళ్లు, ఆడపడుచులు, పక్కింటి పిన్నిగారు ఉండేవారు. ఇప్పుడు భీమవరం నుంచి కోనసీమ దాకా చేలు చెరువులైపోయాయి. రొయ్యల చెరువు కాపలాకి మొగుడూ పెళ్లాం కలిసి గట్టు మీదే మకాం. రేకుల షెడ్డు, చుట్టూ నీళ్లు, మధ్యలో పాకే వయసు పిల్లాడు. ఆ తల్లికి కంటి మీద రెప్ప ఎలా పడుతుంది? రాత్రంతా చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల మోత. కరెంటు పోతే ఆయన జనరేటర్ దగ్గరికి పరిగెడతాడు, ఈమె చీకట్లో బిడ్డను పట్టుకుని కూర్చుంటుంది. పొరుగు జిల్లా నుంచి వచ్చిన కుటుంబమైతే ఇక్కడి అంగన్‌వాడీలో పేరు కూడా ఉండదు చాలాసార్లు. పగలు మాట్లాడదామంటే మనిషి లేదు. అలాంటి పిల్లకి ఫోన్లో ఎవరో ఏసీ గదిలో కూర్చుని "పాజిటివ్‌గా ఆలోచించండి" అని రీల్ చేసి పెడతారు. ఒళ్లు మండదూ?

మొగుడు కువైట్‌లో ఉన్నవాళ్లది ఇంకో రకం. ఇమో యాప్‌లో కాల్ చేసి "డబ్బులు పంపాను కదా, ఇంకేం కష్టం నీకు?" అంటాడు. అప్పు తీర్చడానికే వెళ్లాడు పాపం, అతన్నీ ఏమీ అనలేం.

రొయ్యలు వలిచే ప్లాంటుకు వెళ్లే తల్లిని చూడండి. అంగన్‌వాడీ బడి మూడేళ్లు నిండాక. అప్పటిదాకా బిడ్డను ఎవరికి అప్పజెప్పాలి? 2017లో ప్రసూతి సెలవు 26 వారాలకు పెంచుతూ చట్టం సవరించారు. రోజు కూలీకి పోయేవాళ్లలో ఎంతమందికి అది దక్కుతోంది? డ్వాక్రా కిస్తీ రోజు మాత్రం తప్పదు. అందుకే కౌన్సెలింగ్ ఒక్కటే చాలంటే నేను ఒప్పుకోను. ప్లాంటు దగ్గర పిల్లల్ని చూసుకునే గది ఒకటి ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

"సైకియాట్రిస్టులు ఎక్కడున్నారండీ పల్లెల్లో?" అంటారు. అక్కర్లేదు, అందరికీ అక్కర్లేదు. పాకిస్తాన్‌లో రావల్పిండి పల్లెల్లో ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలకే శిక్షణ ఇచ్చి, దిగులుతో ఉన్న గర్భిణులతో పద్ధతిగా మాట్లాడించారు. బిడ్డకు ఆరో నెల వచ్చేసరికి వాళ్లలో 23 శాతం మందికే డిప్రెషన్ మిగిలింది. ఆ శిక్షణ లేనివాళ్లు మామూలుగా వచ్చి పోయిన చోట 53 శాతం. 2008లో లాన్సెట్ పత్రికలో వచ్చింది ఇది. కేరళ వాళ్లు 'అమ్మ మనసు' అని కార్యక్రమమే పెట్టుకున్నారు. అడగాల్సిన ప్రశ్నలు కూడా కొత్తగా కనిపెట్టక్కర్లేదు, 1987 నుంచి ఎడిన్‌బరో ప్రశ్నావళి ఉంది, పదే ప్రశ్నలు.

ఆశమ్మల నెత్తిన ఇంకో పనా అని అడుగుతారేమో. న్యాయమైన ప్రశ్నే. వాళ్లకిచ్చేదే అంతంతమాత్రం, దానికి తోడు యాప్‌ల చాకిరీ. ఆ యాప్‌లు నాలుగు తగ్గించండి, ఈ పనికి డబ్బులిచ్చి నేర్పించండి. బాలింత దగ్గర పావుగంట కూర్చోవడం ఫోటో అప్‌లోడ్ కన్నా తక్కువ పనేం కాదు.

ఈలోగా మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం టెలీ మానస్ ఉంది, నంబరు 14416. తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు, అర్ధరాత్రయినా ఎత్తుతారు. "చచ్చిపోవాలనిపిస్తోంది" అనో, "బిడ్డను ఏం చేసేస్తానో అని భయంగా ఉంది" అనో ఆమె నోట వస్తే విసుగు మాట కింద కొట్టిపారేయకండి. ఒంటరిగా వదలకుండా ఆ రోజే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. అంతదాకా రాకపోయినా, ఆమె చేతిలో ఫోన్ లేకపోతే మీదే ఇచ్చి, బిడ్డను ఎత్తుకుని కాసేపు గుమ్మం బయట కూర్చోండి. మీరు పక్కనుంటే ఆమె ఏం చెప్పగలదు?